గంజి వాసన కాదు

మా ఊళ్లో నా మాటకు విలువ తక్కువ. ఎండకు బావిలో నీళ్లకే చెమట పట్టిందని, మహానంది కోనేట్లో ఒక చేప నా గోత్రం అడిగిందని చెప్పినవాణ్ణి. నేను నోరు తెరిస్తే పిల్లలు దగ్గరికి జరుగుతారు, పెద్దలు ముప్పావు వంతు కొట్టేసి వింటారు. ఇప్పుడు రాసేదాంట్లో కొట్టేయడానికి ఏమీ లేదు.

మా అక్కను కడప పక్క నేతపని ఇంటికి ఇచ్చారు. బావది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు వేసుకుని కూర్చుంటే నడుము పైభాగమే మనకు కనబడుతుంది. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు. పాదాలు మొద్దుబారాయి. తొక్కుడు చెక్కకు లేచిన చీల బొటనవేలిలో దిగినా తెలియలేదు. తెలిశాక పసుపూ సున్నమూ పట్టించి, గుడ్డ చుట్టి, మళ్లీ గుంతలోకే దిగాడు. మగ్గం మీద చీర సగంలో వదిలి లేవకూడదన్నది ఆ ఇంటి పట్టుదల.

నేను వెళ్లేసరికి అక్క పెరట్లో కుండ తోముతోంది. నూలుకు గంజి పెట్టే ఇల్లు కాబట్టి అక్కడ ఎప్పుడూ కొంచెం పులిసిన వాసన ఉండేదే. ఆ రోజు మరీ ఎక్కువగా ఉంది.

"గంజి పాడైందిరా. కుండ మార్చినా పోలే" అంది అక్క.

"గంజి కాదులేక్కా, గుంతలో ఎలుక సచ్చింటాది. మొన్న మా ఇంట్లో సచ్చినదానికి నేను దినం గూడా చేసినా."

"ఎలక్కి పిండం పెట్టినోడివి నువ్వొగడివే" అని లోపల మగ్గం గుంతలోంచి బావ నవ్వాడు.

ఎలుక కోసమే లోపలికెళ్లి గుంతలోకి వంగి చూశాను. బావ కాలి గుడ్డ మీద ఈగలు ముసురుతున్నాయి.

"బావా, కాలు పైకి తియ్."

"ఏముండాదప్పా ఆడ? చీము పోతాండాది. చెడంతా పోతే అదే మానుతాది."

గుడ్డ విప్పాను. బొటనవేలు నల్లబడింది. పక్కవేలు ఉబ్బి మెరుస్తోంది. నొక్కితే చీము చిమ్మింది. బావ మాత్రం ఉలకలేదు, పలకలేదు. నాకు భయం వేసింది అందుకే. ఆటో పిలిచి, అక్కనూ ఎక్కించుకుని కడప ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. చూసిన వెంటనే చెప్పింది. "రెండు వేళ్లు తీసెయ్యాల. ఈరోజే తీస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే చెప్పలేను."

"చీర నేసి మగ్గం మీంచి కోసినాక వస్తాలేమ్మా. చీము పోతానే ఉండాది గదా, మంచిదే గదా?"

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "రక్తంలో తెల్లకణాలని ఉంటాయి పెద్దాయనా. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి పుండు దగ్గరికి ముందుగా పరిగెత్తుతాయి. క్రిములను మింగి అక్కడే చచ్చిపోతాయి. నువ్వు చెడు అనుకునే చీములో ఎక్కువ భాగం అవే. వాటి వెనక మాక్రోఫేజ్‌లని ఇంకొక రకం వచ్చి, చచ్చినవాటిని తినేసి చోటు శుభ్రం చేస్తాయి. షుగరు ఎక్కువైతే ఇవేవీ సరిగ్గా పని చెయ్యలేవు. అందుకే నీ చీము ఆగడంలేదు."

బావ నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇది నువ్వు నేర్పిచ్చిన కతేనా?"

"ఇంత బాగా కల్పిచ్చేది నాకు యాడొస్తాది బావా."

ఆయన నవ్వలేదు. చీము కారుతున్న వేలిని చూపించాడు. "ఆ సచ్చినవన్నీ నావేనామ్మా?"

"నీవే. నీ ఎముకల్లో పుట్టినవే. ఇప్పుడు కూడా పుట్టి వస్తూనే ఉన్నాయి."

"వచ్చినవన్నీ ఈడికొచ్చి సస్తాండాయా, ఊరికే?" అన్నాడు. అంతవరకూ తలుపు దగ్గర నిలబడిన అక్క ముందుకు వచ్చింది.

"మిగిలిన చీర నేను నేస్తా. నువ్వు పాదం దక్కిచ్చుకో."

ఆ ఇంట్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టారు, గంజి కాచారు గానీ గుంతలోకి దిగిన వాళ్లు లేరు. బావ ఆమెను తేరిపార చూశాడు.

"అంచు కాడ పోగు తెగుతాది. మెల్లగా తొక్కు" అని, డాక్టరమ్మ వైపు కాలు చాపాడు.