మాఫీ నఫర్

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. మా అక్క మీద ఒట్టు వేసి చెబుతున్నాను.. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. కల్పించడమే చేతనైతే ఇంతకన్నా మంచిది కల్పించేవాణ్ణి. దీనికి సరైన ముగింపు కూడా లేదు.

ముందు నా సంగతి. నా పేరు రవి, మాది జగిత్యాల దగ్గర. మా వైపు సౌదీ అంటే పనికి పోయే చోటు. చదువుకోవడానికి పోతున్నానంటే వాడకట్టంతా నవ్వింది. "సౌదీల సదువేందిరా, ఒంటెలకు పాఠాలు చెప్తవా" అని మా చిన్నాయన ఇప్పటికీ అంటాడు. కానీ అల్ ఖోబర్ దగ్గర ఒక యూనివర్సిటీలో నాకు నిజంగానే ఎం.ఎస్. సీటు వచ్చింది. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే చదువు. క్యాంపస్‌లో అంతా ఇంగ్లిషే. అందుకని వచ్చి నెల దాటినా అరబ్బీ ముక్క రాలేదు నాకు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

కొత్తలో అన్నీ వింతే. బయట ఎండ మాడిపోతుంటే క్లాసులో స్వెట్టర్ వేసుకుని కూర్చోవాలి. రోడ్డు మీద నడిచే మనిషే కనపడడు. నేను నడిచి సామాన్లకు పోతుంటే పాపం ఎవడికో బండి చెడిపోయిందనుకుని ప్రతి ట్యాక్సీ హారన్ కొట్టేది. అలా హారన్ కొట్టినవాళ్ళలో ఒకడు ఇంతియాజ్ భాయ్. ప్రొద్దుటూరు మనిషి. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, "ఏమప్పా, యా ఊరు" అని కారు ఆపాడు. అప్పటినుంచి సెలవు రోజుల్లో ఎక్కడికి తిరిగినా ఆయన బండిలోనే.

మా లత అక్క భర్త శంకర్ బావ కూడా సౌదీలోనే ఉంటాడు. ఖఫ్జీలో ఏసీ మెకానిక్. ఖఫ్జీ అంటే కువైట్ బార్డర్ పక్కన, మాకు మూడు గంటల పైన దారి. ఒక గురువారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ గొంతు మంచిగ లేదురా. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగుతుండు. ఛాతి పట్టేసినట్టున్నదంటడు. క్యాంపుల గ్యాస్ గోలి ఇచ్చిండ్రట. నాకెందుకో భయమైతుంది. నువ్వు పొయ్యి పెద్ద దవాఖానకు తీస్కపో. మనిషిని నాకు మనిషి లెక్క అప్పజెప్పు."

అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఇంతియాజ్ భాయ్‌కి ఫోన్ చేస్తే, ఎందుకు, ఏమిటి అని ఏమీ అడగకుండా వచ్చాడు.

మేము చేరేసరికి బాగా చీకటి పడింది. బావ క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం బూడిదలా ఉంది. "మీ అక్కకు పనిలేదు బామ్మర్దీ, గ్యాసే" అన్నాడు. అని లేచాడు.. లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు, అది గ్యాస్ కాదని. ఖఫ్జీలోనే చూపిద్దామంటే వినడు. ఇక్కడ చూపిస్తే క్యాంపులో తెలుస్తుంది, పనికి పనికిరాడని పంపించేస్తారు, ఖోబర్‌కే పోదాం అంటాడు. ఇంతియాజ్ భాయ్ నా వంక చూశాడు. వాదిస్తే అదో ఆలస్యం. సరే అని వెనక సీట్లో పడుకోబెట్టి, మట్టిరంగు దుప్పటి కప్పి బయలుదేరాం. చెప్పులు నేనే విప్పి సీటు కింద పెట్టాను.

ఊరు దాటకముందే బావ నిద్రపోయాడు. సన్నగా గురక. ఆ గురక వింటూ కూర్చున్నాను. అది వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యం.

దారిలో సముద్రం కనపడదు కానీ వాసన వస్తుంది. రెండో పక్క ఇసుక. కొంతదూరం బాగానే పోయాం. తర్వాత.. మంచు.

మన దగ్గరి మంచు కాదండీ. ముందు రోడ్డు మీద తెల్లగీత పోయింది. తర్వాత బానెట్ పోయింది. లైట్లు వేస్తే వెలుగు మన మీదికే తిరిగొస్తోంది. ఇంతియాజ్ భాయ్ బండిని రోడ్డు దించి ఆపాడు.

"ఒంటె అడ్డమొస్తే ముగ్గురమూ పోతాం. రోంత సేపు ఆగుదాం సామీ."

"బావకు ఆలస్యమైతది భాయ్."

"తెలుసప్పా. ఏం జేద్దాం, రోడ్డు కనపడల్లగదా."

ఇంజిన్ ఆపేశాడు. ఇండికేటర్లు వేసి ఉంచాడు. టిక్.. టక్.. టిక్.. టక్.. వెలిగినప్పుడల్లా మంచు పసుపురంగు అవుతోంది. ఆరితే ఏమీ లేదు. ఫోన్ చూశాను. సిగ్నల్ లేదు. అక్క అక్కడ నిద్రపోకుండా ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుందని తెలుసు. మనసు ఒకచోట నిలవడం లేదు. అద్దం తుడుస్తాను, గడియారం చూస్తాను, మళ్ళీ అద్దం తుడుస్తాను. లోపలి తడి కాదు, బయటి మంచు. అయినా తుడుస్తాను.

అప్పుడు కనపడింది.. వెలుగు. చిన్నది. మంచులో ఊగుతూ మా వైపు వస్తోంది.

"ఎవరో వస్తున్నరు భాయ్."

ఇంతియాజ్ భాయ్ ముందుకు వంగి చూశాడు.

వెలుగు నా పక్కకు వచ్చి ఆగింది. అద్దం మీద.. టక్. టక్. గోటితో కొట్టినట్టు. దించాను. ఒక్కసారిగా చలి లోపలికి వచ్చింది. ముసలాయన. గొర్రెతోలు కోటు, తలకు గుడ్డ, చేతిలో టార్చి. గడ్డం మాత్రం కనపడుతోంది, కళ్ళు కనపడటం లేదు. ఒంటెలు కాసుకునే ఎడారి బదూ అయి ఉంటాడనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది, దారి చూపిస్తాడని.

"కమ్ నఫర్?" అన్నాడు.

నఫర్ అంటే మనిషి. ఆ మాటొక్కటి నాకు తెలుసు, మండీ హోటల్లో ఎంతమందికి అని అలాగే అడుగుతారు. ఇంతియాజ్ భాయ్ వెంటనే, "సలాసా" అన్నాడు. ముగ్గురం అని.

టార్చి నా మీద పడింది. తర్వాత భాయ్ మీద. తర్వాత వెనక్కి పోయింది.

అక్కడే ఆగింది.

చాలాసేపు.. అంటే నాకు చాలాసేపు అనిపించింది. ఇండికేటర్ టిక్, టక్ అంటోంది. ఆ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇంకో చప్పుడు ఉండాలి కదా.. గురక. అది ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ఆ క్షణంలో అది తట్టనేలేదు.

టార్చి మళ్ళీ నా ముఖం మీదికి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ముసలాయన వంగాడు. ఊపిరి నా చెంపకు తగలాలి, అంత దగ్గర. తగల్లేదు.

"మాఫీ నఫర్?" అన్నాడు. మెల్లగా.. నన్నే అడిగాడు.

మనకు మాఫీ అంటే ఏమిటి? రుణమాఫీ. తప్పు మాఫీ. కళ్ళలో టార్చి కొట్టినందుకు క్షమించమంటున్నాడు అనుకున్నాను. అంత పెద్దాయన. నాకు సిగ్గేసింది. తల అడ్డంగా ఊపేశాను, చెయ్యి కూడా ఊపాను. "అయ్యో లేదు లేదు, అట్లనొద్దు" అన్నాను, తెలుగులోనే.

ఆయన కదల్లేదు. మళ్ళీ అన్నాడు.. "మాఫీ?"

"లేదు లేదు" అన్నాను. ఈసారి గట్టిగా.

కాసేపు అలాగే చూశాడు. "తయ్యిబ్" అన్నాడు. సరే అని. టార్చి ఆరిపోయింది. అంతే. ఇసుకలో అడుగుల చప్పుడు వినపడుతుందని చూశాను. వినపడలేదు.

ఇంతియాజ్ భాయ్ బండి స్టార్ట్ చేశాడు. రోడ్డు కనపడటం లేదు. అయినా ఎక్కించాడు. ఆగుదామన్న మనిషి, కళ్ళు పెద్దవి చేసుకుని మంచులోకి పోనిస్తున్నాడు.

"రవీ, మీ బావను పలకరీ."

"పండుకున్నడు గద భాయ్."

"పలకరీ అంటుండా."

వెనక్కి తిరిగాను. దుప్పటి గడ్డం దాకా ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. "బావా" అన్నాను. లేదు. చెయ్యి పట్టుకున్నాను. ఆ చల్లదనం చెప్పలేను. సీటు దాటి వెనక్కి దూకాను. చెంపలు తట్టాను. పేరు పెట్టి పిలిచాను, తిట్టాను, ఏడ్చాను. ఛాతి మీద చెవి పెడితే బండి చప్పుడే వినపడుతోంది. అక్కకు ఏం చెప్పాలి.. ఆ ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. మనిషిని మనిషి లెక్క అప్పజెప్పమంది.

ఏం తోచిందో, నా ఫోన్ తీసి బావ చెవి దగ్గర పెట్టాను. సిగ్నల్ లేదు, ఎవరూ లేరు అందులో. "బావా, అక్క లైన్ల ఉంది. మాట్లాడు. అక్క పిలుస్తుంది" అన్నాను.

కొంతసేపు ఏమీ లేదు.. తర్వాత గొంతులో గరగర.

"ఆ.. చెప్పవే.." అన్నాడు. పెదవులు సరిగ్గా కదల్లేదు. కళ్ళు తెరవలేదు. "వస్తున్న.. ఎందుకట్ల పిలుస్తవు.. ముసలాయన దిగుమన్నడు, దిగిన. ఇసుకంత సల్లగున్నది.. మల్ల మీ తమ్ముడు లేదు లేదు అన్నడు. గందుకే ఎక్కిన."

నాకు ఒళ్ళు జలదరించింది. అయినా వదల్లేదు. "ఇంకా ఏమంటుంది బావా, అక్క ఇంకా ఏమంటుంది" అని అడుగుతూనే ఉన్నాను. ఖోబర్ దాకా ఆ ఉత్తి ఫోన్లోనే మాట్లాడించాను. మంచు ఎక్కడ విడిపోయిందో చూడలేదు. ఆస్పత్రి దగ్గర దుప్పటి తీసి దింపుతుంటే కాళ్ళు కనపడ్డాయి. చీలమండల దాకా ఇసుక. క్యాంపు ముందూ ఇసుకే, ఒప్పుకుంటాను. కానీ ఆయన చెప్పులతో వచ్చాడు. పైగా ఇది తడి ఇసుక. కారు తలుపు తెరిస్తే లోపల లైటు వెలుగుతుంది. దారిలో ఎక్కడా వెలగలేదు.

బావను లోపలికి తీసుకుపోయారు. గుండె రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. తెల్లవారాక అక్కకు ఫోన్ చేసి చెబితే ఒక్కసారిగా ఏడ్చింది. అప్పుడు నాక్కూడా ఏడుపు వచ్చింది.

వరండాలో ఇంతియాజ్ భాయ్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"ఆయప్ప నిన్నేమడిగినాడో తెలిసిందా రవీ?"

"టార్చి కొట్టినందుకు మాఫీ అడిగిండు గద భాయ్. నేను లేదు లేదు, అట్లనొద్దన్న."

ఆయన చాయ్ కింద పెట్టాడు. "ఈడ మాఫీ అంటే అది కాదప్పా. మాఫీ అంటే లేదు అని. యనక సీట్లో మనిషి లేడు గదా, అని అడిగినాడు నిన్ను."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. లేడు కదా అని అడిగితే.. నేను తల అడ్డంగా ఊపాను. రెండుసార్లు. లేదు లేదు అన్నాను. అంటే.. లేడన్నది నిజం కాదు, ఉన్నాడు అని చెప్పినట్టు.

"మరి నీకు తెలుసు గద భాయ్. నువ్వెందుకు మాట్లాడలే? ముందు ముగ్గురం అన్నది నువ్వే గద?"

"అడగంగానే అన్నా. ఆ తరువాత అద్దంలో చూసినా."

"ఏం చూసినవ్?"

"దుప్పటి."

"బావ?"

"దుప్పటి మాత్రం ఉండె" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పడు. గట్టిగా అడిగితే మాట మారుస్తాడు.

మీరు అనబోయేది నాకు తెలుసు. ముసలాయనకు చూపు ఆనదు, మట్టిరంగు దుప్పటిలో మనిషి కనపడలేదు, మంచి మనిషి కాబట్టి లెక్క సరిచూసుకున్నాడు. బావ సగం స్పృహలో నా మాటలు విని ఏదో కలవరించాడు. నేను కూడా పగలు అలాగే అనుకుంటాను. బావకు ఏమీ గుర్తులేదు. అడిగితే నవ్వుతాడు, మళ్ళీ ఖఫ్జీలోనే పనిలో చేరాడు. చెకప్‌కు ఖోబర్ రావాలి. డ్యూటీ దిగి బయలుదేరితే రాత్రే అవుతుంది. మళ్ళీ మంచు రోజులు వచ్చాయి. ఈ గురువారం తీసుకురావడానికి నేనే పోవాలి.

రెండు రోజులుగా నిద్ర లేదు నాకు. భయం ముసలాయన గురించి కాదు. ఇప్పుడు నాకు అరబ్బీ బాగానే వచ్చు. అదే భయం. మళ్ళీ ఎవరైనా అలా వంగి అడిగితే నాకు అర్థమవుతుంది. అర్థమైనవాడు ఏం చేస్తాడు.. జవాబు చెప్పేముందు వెనక్కి తిరిగి చూస్తాడు కదా.

ఆ రాత్రి నేను చూడకుండా చెప్పాను.