వేగం చెప్పే గొట్టంలో మట్టి

నా చిన్నప్పుడు మా మామ విమానాల్లో పనిచేస్తాడని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. నిజానికి ఆయన పనిచేసేది విమానాల కింద. బెంగుళూరు దగ్గర విమానం నడపడం నేర్పేచోట మెకానిక్కు. ఆ వేసవిలో అక్కడ నేర్చుకుంటున్న కుర్రాడు ఒంటరిగా ఎగిరి, పొలంలో కూలి చనిపోయాడు. విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారని మామ, అత్త ధర్మవరంలోని అవ్వ ఇంటికి వచ్చేశారు. సెలవులకు నేనూ అక్కడే ఉన్నాను. మామ గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే కంచాన్ని చూసేవాడు, అంతే.

వేగం చూసుకోకుండా నడిపాడని తప్పంతా ఆ కుర్రాడి మీదికే పోతోందట. హిందూపురం నుంచి వచ్చిన మా నాయనకు అది మంచి కబురులాగే తోచింది. "ఏమప్పా, పోయినోడు ఎట్లా పోయినాడు. నువ్వు అన్నీ చూసినా అని చెప్పు, అయిపాయ" అన్నాడు. మా నాయన చెడ్డవాడు కాదు. బావమరిది బతకాలనుకున్నాడు.

ఆ సాయంత్రం మామ నన్ను పిలిచి చెప్పాడు. పెద్దవాళ్లకు చెప్పలేనిది పిల్లలకు చెప్పడం సులభమేమో. విమానం రెక్క కింద వేలంత గొట్టం ఉంటుంది. ఎదురుగాలి అందులోకి ఎంత గట్టిగా దూరితే, నడిపేవాడి ముందున్న ముల్లు అంత వేగం చూపిస్తుంది. గొట్టం మూసుకుపోతే గాలి లోపలే చిక్కుకుంటుంది. విమానం పైకి పోయేకొద్దీ ముల్లు లేని వేగాన్ని చూపిస్తుంది. మరీ వేగంగా పోతున్నాననుకుని వాడు విమానం ముక్కు పైకెత్తుతాడు. దాంతో ఉన్న వేగమూ పోతుంది.

"గొట్టం ఎట్ల మూసుకుపాయ మామా?" అన్నాను.

మామ గుమ్మం పైకి చూశాడు. అక్కడ కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది. ఇంట్లో కందిరీగ గూడు కడితే బిడ్డ పుడుతుందని మావాళ్ల నమ్మకం. దాన్నెవరూ కదిలించరు. పెళ్లయిన చాలా ఏళ్లకు మా అత్త నీళ్లోసుకున్నది ఆ గూడు కట్టాకే. అల్లుడికి లేని మర్యాద ఆ ఇంట్లో దానికి ఉండేది.

"ముందురోజు మట్టి పట్టుకోని ఒక కందిరీగ రెక్క కాడ తిరుగుతాండె. నాకు నవ్వొచ్చె పాపా. ఈడికీ వచ్చినావా అనుకుంటి. తోలబుద్ధి కాలే. గొట్టానికి తొడుగూ ఎయ్యలే, పొద్దున చూడనూ లే."

విరిగిన గొట్టంలో మట్టి దొరికిందట. విమానం దున్నిన పొలంలోనే కూలింది కాబట్టి అది పొలం మట్టేనని అందరూ సరిపెట్టుకున్నారు. కాదేమోనని చెప్పగలవాడు మామ ఒక్కడే. చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పకపోవచ్చు. అత్తకు అప్పుడు ఆరో నెల.

అవ్వ వంటింటి గడపలో నిలబడి అంతా విన్నదని మాకు తెలియదు. స్టూలు లాక్కొచ్చి, నన్ను పట్టుకోమని ఎక్కి, కత్తితో గూడును పొడిచింది. "వద్దత్తా, నీ కాళ్లు మొక్కుతా" అని అత్త కడుపు పట్టుకుని ఏడ్చింది. అవ్వ చెయ్యి వణుకుతూనే ఉంది, పొడుస్తూనే ఉంది.

"ఆ పిల్లోనికీ ఒగ అమ్మ ఉండాదిరా" అంది మామతో.

మట్టి పెళ్లలతో పాటు ఎండిన పచ్చపురుగులు రాలాయి. కందిరీగ తన పిల్లల కోసం దాచిన తిండి. మామ వాటిని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "పొలం మట్టిలో ఇవి ఉండవు. గొట్టం కోసి చూడమంటా" అన్నాడు.

కోశారు. ఉన్నాయి. కుర్రాడి మీద తప్పు తీసేశారు, మామను ఉద్యోగంలోంచి తీసేశారు. జైలు తప్పింది. కాన్పయ్యేదాకా అత్త అవ్వతో మాట్లాడలేదు. ఆడపిల్ల పుట్టింది, బతికింది.

అలా జరుగుతుందని అవ్వకు ముందే తెలుసని మావాళ్లు ఇప్పుడు చెప్పుకుంటారు. తెలియదు. ఆ స్టూలు పట్టుకున్నది నేను. స్టూలు కూడా వణికింది. ఈనాటికీ నిజం చెప్పాల్సి వచ్చి కాళ్లలో వణుకు పుడితే, తగ్గాక చెబుదామని ఆగను. అది తగ్గేది కాదని నాకు ఆ రోజే తెలిసింది.