మంచం బండి కళ్లు

మా గల్లీలో మా వ్యాన్‌ను మంచం బండి అంటారు. పేరు పెట్టిందెవరో తెలియదు గానీ వెటకారానికే పెట్టారు. నేనేమీ అనుకోలేదు, లోపల నిజంగానే మంచం ఉంది మరి. పాత స్కూల్ వ్యాన్ ఒకటి తీసుకుని, సీట్లన్నీ పీకించి, ఒక పక్కకు చెక్క మంచం, తలాపున చిన్న అలమర, వెనకాల నీళ్ల ట్యాంకు, దాని పక్కన ఒంటి పొయ్యి పెట్టించాను. ఇప్పుడు ఇట్లాంటి బండ్లకు ఇంగ్లిష్‌లో ఏదో గొప్ప పేరుంది. కొండలకూ బీచులకూ తీసుకుపోయి ఫొటోలు దిగుతారు. మా బండి మన్సూరాబాద్‌లో మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఎండకు నిలబడి ఉంటుంది. దవాఖానకు కాక అది పోయేది ఒక్క ఊరికే.

ఆ ఊరు సాగర్ రోడ్డు మీది మాల్ గ్రామం దాటినాక దేవరకొండ తోవలో ఉంది. అక్కడ నా భార్య అక్క ఉంటుంది. నా భార్య నడుము ఎప్పుడో దెబ్బతిన్నది. నిలబడగలదు, పడుకోగలదు, కూర్చుంటే మాత్రం కాసేపట్లోనే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బస్సు ఎక్కితే కూర్చోవాలి. కారులోనైనా అంతే. అక్కకేమో మోకాళ్లు పోయాయి, వాకిలి దాటి రాలేదు. ఆమె రాలేదు, ఈమె కూర్చోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడాలంటే ఈ మంచం బండి కదలాలి. అందుకే చేయించాను దీన్ని. ఎండ ముదిరితే లోపల రేకు కాలి పొయ్యి మీద పెనంలా అవుతుంది కాబట్టి చీకటితోనే బయలుదేరాలి. చీకటితో పోవాలంటే లైట్లు కావాలి.

ఆ లైట్ల దగ్గరే వచ్చింది తంటా.

బండికి వయసైపోయిందని ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయాను. బ్రేకులు చూశారు, పొగ చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. చివరకు లైట్లు వేయమన్నారు. పరీక్ష చేసే ఆయన మర్యాదస్తుడే. "పెద్దాయనా, లైట్లు మసకబారినయ్. సరిచేయించుకొని మళ్ల తీసుకరాండ్రి" అన్నాడు. తిరిగి ఇంటికి తెచ్చాను.

మా బిడ్డ మీర్‌పేట్‌లో ఉంటుంది. సాయంత్రం వచ్చి సంగతి విని, కూరగాయల సంచి కింద పెట్టకుండానే అన్నది: "నాయినా, గీసారి గూడ పాస్ గాకుంటే దాన్ని అమ్మేద్దాం. నీకు గూడ వయసైతుంది. అమ్మకు పెద్దమ్మను వీడియో కాల్‌ల నేను చూపిస్త."

నా భార్య గోడ వైపు తిరిగి పడుకుంది. బిడ్డ చెడ్డదని కాదు. మా మీద ప్రేమతోనే అన్నది. కానీ ఫోన్‌లో అక్క మొహం కన్నా ఇంటి కప్పు, ఫ్యానే ఎక్కువ కనబడతాయి. ఆమెకు ఫోన్ సరిగ్గా పట్టుకోవడం రాదు.

నేను లారీ నడిపి బతికినవాణ్ని. బడిలో చదివింది తక్కువ. మిర్చిబజ్జీల పొట్లాల కాగితాలు, బండితో వచ్చే ఇంగ్లిష్ పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నదే నా చదువు. నా కాలంలో లైటు అంటే గాజు. పై సగానికి నల్లరంగు పూసేవాళ్లం, ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడకుండా. అవతల బండి కనబడగానే డిమ్ము చేసేవాళ్లం. వాడూ చేసేవాడు. ముక్కూమొహం తెలియకపోయినా అదొక పలకరింపు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటితే చాలు, తెల్లటి లైట్లు పిడుగుల్లాగా మొహం మీదికొస్తాయి. స్కూటరుకు కూడా విమానం లైట్లే. డిమ్ము మీట ఒకటుంటుందని నేర్పినవాడు లేడు, నేర్చుకున్నవాడూ లేడు. దీని మీద నేను మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లోవాళ్లు లేచి పక్క గదిలోకి పోతారు.

ఇంతా తిట్టేవాణ్ని, నేనే పోయి ఆ తెల్ల బల్బులు తెచ్చుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో పార్టుల దుకాణాలున్నాయి. ఎవడిని అడిగినా ఒకటే మాట: "ఫుల్ వైట్ ఉంది, వెయ్యమంటరా?" మసకగా ఉంటే ఎక్కువ వెలుగు వేస్తే సరిపోతుందని నాకూ అనిపించింది. వేయించాను. మర్నాడు పొద్దుగూకే వేళ వనస్థలిపురం వైపు తిప్పి చూశాను. వెలుగు ముందుకు పోలేదు. లైటు మీది ప్లాస్టిక్ మూతలోనే, మెకానిక్కులు దాన్ని డూమ్ అంటారు, అందులోనే చెదిరి, తెల్లటి పొగలాగా నలుదిక్కులా పరుచుకుంది. రోడ్డు నాకు కనబడలేదు, ఎదుటివాళ్లకు నేను తప్ప ఏమీ కనబడలేదు. ఒక ఆటో అతను పక్కకొచ్చి, "ఏం తాతా, పెళ్లి ఊరేగింపా?" అని పోయాడు. నోరు మూసుకుని ఇంటికొచ్చి పాత బల్బులే పెట్టాను.

అప్పుడు తెలిసింది, లోపం బల్బులో లేదు, డూమ్‌లోనే ఉందని. కొత్త డూమ్‌లు అడిగితే ఆ మోడల్‌వి రావడం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. ఇగ నా తిట్లకు అంతు లేదు. గాజు తీసేసి ప్లాస్టిక్ పెట్టినవాణ్ని తిట్టాను, ఎండను తిట్టాను, నీడ ఇచ్చే చెట్టును కొట్టేసిన ప్లాటు ఓనరును తిట్టాను.

తరువాతి వారం నా భార్యను నడుముకు కరెంటు పెట్టించడానికి దవాఖానకు తీసుకుపోయి వస్తూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో దుకాణం ముందు ఆపాను. ఆమె లోపల మంచం మీద పడుకునే ఉంది, పరదా వేసి ఉంది. దుకాణదారు గుంటూరు వైపు మనిషి. డూమ్ మీద వేలితో మెల్లగా రాసి చూశాడు.

"ఎండకి ఇలా అవదండి బాబాయ్ గారూ. ఎండకైతే పచ్చబడుద్ది. ఇవి గీతలు. గుండ్రంగా, చూశారా? ఎవరో అంట్లు తోమినట్టు తోమారండీ దీన్ని."

"లైట్లు ఎవరన్న తోముతరానయ్యా? పిచ్చోళ్లా?" అన్నాను నేను.

పరదా వెనక నుంచి, "నేనే తోమిన" అని వినబడింది.

దుకాణదారే ముందు తేరుకున్నాడు. "దేంతో తోమారమ్మా?"

"చింతపండు, పీచు. జర బూడిద గూడ."

"పనితనం బాగుందమ్మా," అన్నాడతను చాలా మెత్తగా, "వస్తువే తప్పు."

నాకు అప్పుడు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేను లారీ మీద ఉన్న రోజుల్లో, ఊరి నుంచి వచ్చి నేను స్నానానికి పోతే చాలు, ఆమె చింతపండు ముద్ద పట్టుకుని లారీ దగ్గరకు పోయేది. దేవుడి దగ్గరి ఇత్తడి దీపాలకు ఎట్లనో లారీ దీపాలకూ అట్లనే. రెండింటినీ దీపాలనే అనేది. "నిన్ను ఇంటికి తోలుకొచ్చేటివి ఇవే గద" అనేది. ఆ అలవాటు పుట్టింటిది. వాళ్ల నాయిన ఎడ్లబండి కింద లాంతరు కట్టేవాడు. బండి ఊరి నుంచి రాగానే ఆ లాంతరు గ్లాసు తోమాలె. అక్కాచెల్లెళ్లు నేనంటే నేనని కొట్లాడుకునేవాళ్లట. గాజు ఎంత తోమినా గాజే. ప్లాస్టిక్‌కు ఆ సంగతి తెలియదు. వ్యాన్ వచ్చినప్పటి నుంచి, అక్క ఊరికి పోయే ముందు ప్రతిసారీ, నేను నీళ్లు పట్టుకునేలోగా ఆమె తోముతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. చూశాను గానీ అదొక సంగతిగా లెక్కలోకి రాలేదు. రోజూ చూసేది ఎవరికి కనబడుతుంది.

తిరుగు తోవలో ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె అన్నది: "అక్కను ఫోన్లనే చూస్త తియ్. బిడ్డ చెప్పినట్టు అమ్మెయ్ దీన్ని."

"ప్లాస్టిక్ పెట్టినోనిది తప్పు" అన్నాను.

"ఎప్పుడూ ఎవడో ఒకన్ని తిడతవ్. ఈసారి నన్ను తిట్టు."

అంత సులువుగా తిట్లు వచ్చే నోరు నాది. ఆ పూట రాలేదు.

దుకాణదారు చెప్పిన సామాను తెచ్చాను. వాటర్ పేపర్ అని ఉంటుంది, నీళ్లు పోస్తూ రుద్దే ఉప్పుకాగితం. ముందు గరుకుది, తరువాత మెత్తనిది, ఆ తరువాత ఇంకా మెత్తనిది. చివరకు పాలిష్ ముద్ద. దాని మీద ఎండ తట్టుకునే పూత. ఆ పూత వేయకుంటే కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. చుట్టూ రంగు పోకుండా టేపు అంటించి, నేను ఎడమ లైటు దగ్గర కూర్చున్నాను. కాసేపటికి నడుముకు పట్టీ కట్టుకుని ఆమె వచ్చి కుడి లైటు దగ్గర నిలబడింది.

"నువ్వెందుకే, పోయి పడుకో."

"చెడగొట్టింది నేనైతే బాగుచేసుడు నువ్వా? కాయితం ఇటియ్యి."

"గుండ్రంగ గాదు. అడ్డంగ రుద్దాలె, ఒక్కటే దిక్కు."

"పుట్టినకాడికెంచి గుండ్రంగ తిరిగిన చెయ్యి ఇయ్యాల అడ్డం పొమ్మంటే పోతదా?" అన్నది. అంటూనే అడ్డంగా రుద్దింది.

మొదట డూమ్ ఇంకా తెల్లగా, పాలు పోసినట్టు అయింది. ఉన్నది కాస్తా పోయిందనుకున్నాను. ఆమె ఆపలేదు. కాగితం మార్చిన కొద్దీ అందులో నుంచి మెల్లగా లోపలి బల్బు కనబడటం మొదలైంది. ఇద్దరి భుజాలూ పడిపోయాయి. మధ్యలో ఆమె రెండుసార్లు పోయి నడుము వాల్చి వచ్చింది.

తరువాత ఫోకస్. వెలుగు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ పడుతుందన్నది లెక్క. మాపటేళ ఎదురు అపార్ట్‌మెంట్ ప్రహరీగోడ మీద సుద్దముక్కతో గీత గీసి, లైటు వెనక స్క్రూలు తిప్పి గీత కిందికి వెలుగు తెచ్చాను. అయిపోయిందనుకున్నాను. ట్యాంకు నిండా నీళ్లు పట్టాను, ఆమె పోయి మంచం మీద పడుకుంది, ఊరికి పోతున్నట్టే. బండి వెనక భాగం కుంగింది. ముక్కు లేచింది. వెలుగు గోడ దాటి, రెండో అంతస్తులో ఆరేసిన బట్టల మీద పడింది. పై నుంచి ఒకామె, "అంకుల్, సినిమా వేస్తున్నరా మా ఇంట్ల?" అన్నది.

ఇన్నేళ్లూ మేము చెట్ల కొమ్మలకు దారి చూపిస్తూ పోయామన్నమాట. ఎదుటివాడిని డిమ్ము చెయ్యలేదని తిడుతూ, నేను డిమ్ము వేసినా వాడి కళ్లలోనే కొట్టాను. మంచం బండికి లైట్లు సరిచేయాలంటే మంచం మీద మనిషి ఉండాలి, ట్యాంకులో నీళ్లు ఉండాలి. ఆమె పడుకుని ఉండగానే మళ్లీ స్క్రూలు తిప్పాను. మధ్యమధ్య లోపలి నుంచి, "అయిందా?" అని. "కదలకు" అని నేను.

మళ్లీ పరీక్షకు తీసుకుపోయాను. అదే మనిషి. లైట్లు వేయించి వంగి చూశాడు. "కుడిది మస్తుంది. ఎడమది ఇంకా జర మసకనే ఉంది. నడుస్తది తియ్యి" అన్నాడు. పాస్ అయింది. ఇంటికొచ్చి అన్నీ చెప్పాను, ఎడమది సంగతి తప్ప. అయినా ఆమె అడిగింది, "ఏ లైటు బాగుందన్నడు?" అని. చెప్పక తప్పలేదు. ఆ రోజంతా ఆమె మొహంలో నవ్వు ఉంది. బిడ్డ ఫోన్ చేస్తే మొదటి మాట అదే: "మీ నాయినదే మసక."

తెల్లవారకముందే బయలుదేరాం. సాగర్ రోడ్డు ఎక్కినాక ఎదురుగా లారీలు, అవే తెల్ల లైట్లు. నేను డిమ్ము చేశాను. వాళ్లు చేయలేదు. ఒక్కడు కూడా చేయలేదు. నేను మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి, "తిట్టకు, తోవ చూడు" అన్నది. చూశాను. తోవ కనబడుతోంది, కుడి పక్క కొంచెం ఎక్కువగా. ఇబ్రహీంపట్నం దాటేసరికి నాకు మెడ పట్టేసింది. ఇంకెన్నాళ్లు నడుపుతానో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

పొద్దెక్కే వేళకు చేరాం. అక్క కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పలకరింపులయ్యాక నేను మొహం కడుక్కోవడానికి నల్లా దగ్గరకు పోయాను. వచ్చేసరికి అక్క బండి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. కొంగు నడుముకు చెక్కింది. ఒక గిన్నెలో నానబెట్టిన చింతపండు, కొబ్బరిచిప్పలో బూడిద, చేతిలో పీచు.

"మర్దీ, ఇంతదూరం తోలుకొచ్చినయ్. దీపాలు తోమకుంటె ఎట్ల?" అన్నది.

నేను నోరు తెరిచేలోపే వ్యాన్ తలుపు పట్టుకుని నా భార్య కిందికి దిగింది. మామూలుగా నేను చెయ్యి పట్టుకుంటే గానీ దిగదు.

"అక్కా, ముట్టకు."

"ఏందే? నీ బండి దీపాలు నేను ముట్టొద్దా?"

"ముట్టొద్దు."

"అప్పుడు లాంతరు గూడ గిట్లనే చేసినవ్. నాయిన చెప్పినా ఇయ్యలే."

"నువ్వు పగలగొట్టినవ్ గదా, అందుకే ఇయ్యలే."

"పగలగొట్టింది నేనా? నువ్వా?"

అట్లా మొదలైంది. ఆ లాంతరు పోయి ఎన్నేళ్లయిందో, ఎవరు పగలగొట్టారో ఇప్పుడు తేల్చేవాళ్లు ఎవరూ లేరు. ఒకామె స్టూలు మీద కూర్చుని, ఒకామె బండికి ఆనుకుని నిలబడి, ఊరంతా వినబడేటట్టు వాదించుకున్నారు. నేను మెత్తటి బట్ట తడిపి, డూమ్‌ల మీద పడ్డ పురుగులనూ దుమ్మునూ తుడిచి, వాటి మీద పాత దుప్పటి కప్పి, అరుగు మీద నడుము వాల్చాను. నిద్ర పట్టింది.

లేచేసరికి వాదన వంటింట్లోకి మారింది. నానబెట్టిన చింతపండు ఎందుకు పారెయ్యాలని ఆ పూట పప్పుచారు చేశారు.