కాలి మీద కందిగింజ

మా రెండో బిడ్డకు నాలుగేళ్ళప్పుడు మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు జ్వరం పోయింది. పోతూ పోతూ కుడికాలును పట్టుకుపోయింది. తాండూరులో మా ఇంటి నాపరాతి బండల మీద పడుకోబెడితే ఎడమకాలు తన్నుకునేది, కుడికాలు మాత్రం ఇంకెవరిదో అన్నట్టు పడి ఉండేది.

రోజూ పొద్దున్నే, ఇంటిపని ముట్టకముందే, ఆ తొడ మీద ఒక కందిగింజ పెట్టేదాన్ని. మోకాలి కింద చెయ్యి ఆనించి "లేపు బిడ్డా" అనేదాన్ని. గింజ జారితే కండలో ప్రాణం ఉన్నట్టే కదా. నెల దాటాక ఒకరోజు జారి బండ మీద టక్కుమన్నది. నా అరుపుకు మా ఆయన బావి దగ్గరి నుంచి ఉరికి వచ్చాడు.

"గింజ జారింది, నిజమే. జరిపింది నీ చెయ్యి గాదా?" అన్నాడు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

వికారాబాద్ ఆస్పత్రికి పట్నం నుంచి ఒక డాక్టరమ్మ కండలు చూసే మిషన్ తెచ్చిందని విని రైలెక్కాం. ఆమె కాలు పట్టి చూసి ఉన్నమాట చెప్పింది. "ఏ కొంచెం కదలిక ఉన్నా ఇక్కడే ఉంచుకుని కసరత్తు చేయిస్తాం. లేదంటే కాలికి ఇనుప పట్టీలే. ఇక ఆశ పెట్టుకోవద్దమ్మా."

తొడకు తడి జిగురు రాసి రెండు బిళ్ళలు అంటించింది. తీగలు మిషన్‌లోకి పోయాయి. కాగితం చుట్ట తిరుగుతుంటే దాని మీద కలం గీత గీస్తోంది. బిడ్డ ఊరికే పడుకుని ఉన్నా గీత వణుకుతోంది.

"ఒచ్చింది!" అన్నాను.

"ఆగమ్మా. ఇది కండది కాదు, ఊరికే ఉన్నప్పటి వణుకు." ఆ వణుకుకు పైనా కిందా పెన్సిల్‌తో రెండు గట్లు గీసింది. "ఈ గట్టు దాటాలి, దాటి కాసేపు నిలవాలి. అప్పుడే కండ పని మొదలుపెట్టిందంటాం."

నెత్తిన ఫ్యాన్ తిరుగుతోంది. "చలికాలంల గదెందుకమ్మా, కరెంటు దండగ గాదా?" అన్నాను.

"మా ఇంట్ల దీపం గూడ గిట్లనే ఆర్పుతది" అన్నాడు మా ఆయన. డాక్టరమ్మ నవ్వి ఫ్యాన్ ఆపింది. ఫ్యాన్ కరెంటు వల్ల వచ్చే వణుకు పోయి గీత సన్నబడింది. ఆ దినం నావల్ల జరిగిన మేలు అదొక్కటే.

డాక్టరమ్మ స్కేలుతో బల్ల మీద కొట్టగానే బిడ్డ కాలు లేపాలి. కొట్టిన క్షణానికి కాగితం మీద గుర్తు పడుతుంది. గీత గట్టు దాటింది, నిలిచింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నేను కొట్టకముందే దాటింది. చెప్పకముందే పిల్లకు ఎట్లా తెలిసింది?"

అప్పుడు ఆమె చూపు నా చేతి మీద పడింది. అది మోకాలి కింద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. నా చెయ్యి తీగను కదిలించిందట, గీత దానిదట.

మా ఆయన అన్నదే నిజమైంది. ఇన్ని పొద్దులు గింజను జరిపిందీ నేనే, మురిసిందీ నేనే.

నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టారు. చేతులు తొడల కింద వేసుకుని వాటి మీదే కూర్చున్నాను. స్కేలు టక్కుమన్నది. గీత కదల్లేదు. మళ్ళీ కొట్టింది, లేదు. కాగితం ఖాళీగా వచ్చి నేల మీద కుప్పపడుతోంది.

"అమ్మా, జర పట్టుకోవే! లేస్తలేదే!" బిడ్డ ఏడుస్తోంది.

నాలుగోసారి, టక్కుమన్న కొంచెంసేపటికి, గీత సన్నగా గట్టెక్కింది. నిలిచింది. పడిపోయింది. "ఇంకోసారి వస్తేనే నమ్ముతాను" అన్నది డాక్టరమ్మ. ఐదోసారి రాలేదు. ఆరోసారి వచ్చింది, మునుపటిలాగే ఆలస్యంగా.

ఆమె గీత లేచిన చోటు చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసింది. మొహంలో సంబరమేమీ లేదు. "మొదలైంది. నడుస్తుందని మాత్రం నేను చెప్పలేను. ఉంచుకుంటాం. నువ్వు ముట్టుకోవద్దు, అంతే."

మర్నాడు పొద్దున కసరత్తు గదిలో బిడ్డను చాప మీద పడుకోబెట్టారు. "అమ్మా, జర పట్టుకో" అన్నది. చేతుల మీద కూర్చున్నాను. కాలు లేవలేదు. మళ్ళీ పిలిచింది.