అవ్వ తీసిన చీటీ, నేను చదివిన మాట

మొన్న కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానాల చీటీల పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడు చెయ్యి చాపలేదు. పక్కనున్నావిడ "తీసుకోండి మేడమ్, దేవుని మాట" అని మోచేత్తో పొడిచింది. దేవుని మాటతో నాకు తగాదా లేదు. అది పళ్ళెంలో చుట్టలు చుట్టుకుని మన వేళ్ళ కోసం కాచుకుని ఉంటుందంటేనే పేచీ.

మా చిన్నప్పుడు, చిట్టమూరు దాటి తూర్పుగా సముద్రం వైపుకు పోతే, కంటిచూపు ఆనినంత మేరా ఉప్పు మళ్ళే. వేసవిలో ఆ తెలుపు మీద ఎండ పడితే మధ్యాహ్నానికల్లా కళ్ళు మండేవి, కాళ్ళ పగుళ్ళలో ఉప్పునీరు దిగి ఆ మళ్ళలో పనిచేసే నాయన నడక కుంటినడక అయ్యేది, మేం పిల్లలం సర్వి తోపులో సరుగుడు చెట్లు రాల్చిన కాయలతో యుద్ధాలు చేసుకుని, ముంజలు తిని, సాయంత్రానికి సంగటీ ఎండుచేపల పులుసూ ముందేసుకుని కూర్చునేవాళ్ళం. నాకు తల్లి లేదు. ఇంట్లో నాయనా, ఆయన తల్లి అవ్వా, నేనూ.

అవ్వ దగ్గర మిషను దొరసాని ఇచ్చిపోయిన తగరపు డబ్బా ఉండేది, దాన్నిండా బైబిలు వాక్యాలు రాసిన చీటీలు. మేకను కొనాలన్నా, నాకు జ్వరమొస్తే కంపౌండరు దగ్గరికి తీసుకుపోవాలన్నా, ఇంటికి కొత్త ఆకు కప్పాలన్నా, కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసేది. తనకు చదువు రాదు. నేను మూడో తరగతికి వచ్చినప్పటినుంచి దేవుడు మా ఇంట్లో నా గొంతుతోనే మాట్లాడేవాడు.

"కాళ్ళిచ్చినాడు గదమ్మా దేవుడు, వాటిని గూడా కాస్త నమ్మరాదూ?" అనేవాడు నాయన.

"కాళ్ళిచ్చినోడే దోవ జూపిస్తాడు. నువ్ నోర్మూసుకోని తిను."

నాకు పదేళ్ళప్పటి మే నెలలో ఒకరోజు తెల్లవారేసరికి ఆకాశం రాగి చెంబు రంగుకు తిరిగింది. గాలి లేదు. కాకులన్నీ పడమరకు పోయాయి. కాసేపటికి చేపలు పట్టే పట్టపువాళ్ళు వలలూ కుండలూ నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని ఈడ్చుకుంటూ మా ఇంటి ముందునుంచే పోసాగారు. అందులో ఒకామె ఆగి, "ఏంది పెద్దమ్మా, ఇంకా ఈడే కూసోనుండావు? సముద్రం అరుపు ఇనబళ్ళేదా?" అంది.

అవ్వ డబ్బా తెచ్చింది. తీసిన చీటీ నా చేతిలో పెట్టింది. భయపడక ఉన్నచోటనే నిమ్మళంగా ఉండమనే అర్థమొచ్చే వాక్యం అందులో ఉంది.

నేను వీధిలోకి చూశాను. పట్టపువాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోతున్నారు. ఆదివారం బడిలో నేర్చుకున్న మాటలు నాలుగు అతికించి, "లేచి పడమరగా నడువమని ఉండాది అవ్వా" అన్నాను.

అవ్వ డబ్బా చంకన పెట్టుకుని నన్ను లాక్కుని బయల్దేరింది. దోవలో ఉప్పు మళ్ళ దగ్గర నాయన ఒక్కడే కుప్పలకు తాటాకులు కప్పుతున్నాడు.

"రేయ్ అబ్బయా, రా! దేవుడు లేసి నడువమన్నాడు."

నాయన నవ్వాడు. "ఏదీ, ఆ చీటీ ఇట్లా దే."

నా పిడికిలి విప్పి చీటీ తీసుకున్నాడు. ఆయనకు చదువు వచ్చు. చదివి నా వైపు చూశాడు. చీటీని మడిచి మొలలో దోపుకుని, "అవునమ్మా, నడువమనే ఉండాది. మీరు మెరక మీది మిషను బడికి పోండి. పొద్దు గుంకేలోపల గాలి రాదులే, ఈ రెండు కుప్పలూ కప్పేసి వస్తా" అన్నాడు.

గాలి మూడు గంటలకే వచ్చింది. సముద్రం దాని వెనకే వచ్చింది. మూడో రోజు నీళ్ళు తీశాక నాయన సర్వి తోపులో దొరికాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అవ్వ ప్రతి ఆదివారం మా తాటాకు గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పింది: దేవుడు లెయ్యమన్నాడు, నేను లేసినాను, నా కొడుకు ఇనలేదు, పోయినాడు. అందరూ తలలూపేవారు. నేను చాప మీద గోళ్ళు గీసుకుంటూ కూర్చునేదాన్ని. దేవుడిచ్చిన బుర్రను వాడుకోవాలని కాలేజీలో గొంతు చించుకుని వాదించినదాన్నే; కానీ నాయన కూడా తన బుర్రనే వాడాడు, గాలిని తన కంటితోనే లెక్క కట్టాడు. లేక, ఎన్నడూ చీటీని లక్ష్యపెట్టని ఆ మనిషి ఆ ఒక్క రోజు, ఉన్నచోటనే ఉండమన్న మాటను తనకే అనుకున్నాడా? ఇది ఎవరిని అడగను? ప్రతి పొద్దునా దేవుణ్ణి అడుగుతాను. ఆయన నాతో వాదనకు దిగడు.

ఇప్పుడక్కడ ఉప్పు మళ్ళు లేవు, రొయ్యల గుంటలు. అవ్వ లేదు. తాటాకు గుడి స్థానంలో స్లాబు గుడి లేచింది. నాయన మాత్రం పాస్టరుగారి ప్రసంగాల్లో మిగిలాడు, దేవుడి మాట పెడచెవిన పెట్టిన మనిషిగా. పోయిన నెల ఆ ఊరు వెళ్ళినప్పుడు కూడా ఆయన అదే చెప్పారు. ఎదురుగా నేనున్నాననీ, అది మా నాయన కథేననీ ఆయనకు తెలియదు. నోరున్న మనిషినని పేరుపడ్డదాన్ని, ఈసారి ఆ చీటీలో ఏముందో చెప్పేద్దామని లేచాను. అప్పుడే ప్రార్థన కోసం సంఘమంతా లేచింది. కళ్ళు మూసుకుని, అందరితో పాటు ఆమేన్ అన్నాను.