ఎడమ కణత ముడులు

తిరుమలేశ్ సన్నటి కుంచెతో బ్లీచ్ ముద్ద తీసి, విగ్గు లోపలివైపు ఎడమ కణత దగ్గర జాలీ మీద అద్దుతున్నాడు. చేతులు మామూలుగానే ఆడుతున్నాయి గానీ చెవులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆదినారాయణ మాస్టారు కళ్ళు చూపించుకోవడానికి బంజారా హిల్స్ ఆసుపత్రికి వెళ్ళారు. ఆయన వచ్చేలోగా పని అయిపోవాలి.

ఫిల్మ్‌నగర్ వెనక సందులో ఉన్న ఆ విగ్గుల గది మాస్టారిది. తెనాలి నుంచి వచ్చి, సినిమావాళ్ళకు జుట్టు కట్టడమే బతుకుగా చేసుకున్న మనిషి. పల్చటి జాలీలో కొక్కెం సూది దూర్చి, ఒక్కో వెంట్రుకనూ లాగి ముడేస్తారు. బోరబండ కుర్రాడు తిరుమలేశ్‌కు సూది పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పారు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. నుదుటిని తాకే ముందు వరస మాస్టారే కడతారు. ఆయన కట్టిన వరస మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు.

ఇప్పుడు తిరుమలేశ్ కుంచె ఉన్నది సరిగ్గా అక్కడే.

కొత్త కెమెరాలకు ముడులు చిక్కుతున్నాయి. పోయిన సినిమా ట్రైలర్లో హీరో నుదుటి మీద ఆవగింజల్లాంటి నల్లచుక్కలు తిరుమలేశ్ కంటపడ్డాయి. మాస్టారికి చెప్పడానికి నోరు రాక, తనే మందు వెతుక్కున్నాడు. నగరంలోని ఒక లైబ్రరీలో సభ్యత్వం ఉంటే, కార్డు నంబరు కొట్టి విదేశీ వృత్తిపత్రికలు ఫోన్లోనే ఉచితంగా చదవొచ్చని అక్కడ పనిచేసే హరిణి మేడమ్ చూపించింది.

"దొంగతనం గాదు గద మేడమ్?" అన్నాడు.

"చందా లైబ్రరీ కడుతుందన్నా, మీరు చదువుకోడమే," అందామె.

అయినా ఆ పేజీ తెరిచినప్పుడల్లా, మాస్టారు పెట్టిన అన్నం తింటూ పక్కింటి కూరకు చెయ్యి చాచినట్టు ఉండేది. ఆయన తలెత్తితే ఫోను బోర్లా పెట్టేసేవాడు. లోపలి నుంచి బ్లీచ్ అద్దితే ముడి రంగు వెలిసి చర్మంలో కలిసిపోతుందని ఒక వ్యాసంలో ఉంది. రాని మాటల్ని ఫోన్లోనే తెలుగు చేసుకుంటూ, రచయిత పేరు దాకా చదివి, అయిపోయిందనుకున్నాడు.

కడిగి చూస్తే ముడులు వెలిసిన మాట నిజమే. కానీ ముద్ద పల్చనై జాలీ కన్నాల్లోంచి దిగి, వెంట్రుకల మొదళ్ళు ఇటుకరంగుకు తిరిగాయి. దువ్వెన తగిలిస్తే కుచ్చు కుచ్చుగా ఊడి వచ్చాయి.

అప్పుడే మాస్టారు వచ్చారు. "కంట్లో చుక్కలేశార్రా, అంతా అలుక్కుపోయినట్టుంది," అంటూ అలవాటుగా విగ్గు అందుకుని, ముందు వరస మీద బొటనవేలు నడిపారు. ఎడమ కణత దగ్గర వేలు ఆగింది. వెంట్రుకలు వేళ్ళ మధ్యకు వచ్చాయి.

"ఇది నేను కట్టిందేగా," అన్నారు మెల్లగా. "ముడి బిగియలేదు."

తిరుమలేశ్ నేల చూశాడు.

"కళ్ళు పోతే పోయాయి, వేళ్ళున్నాయిగా అనుకున్నాను. అవీ అయిపోయాయన్నమాట. నాగసాయికి ఫోన్ కలుపు. విగ్గులు వేరేవాళ్ళ చేత కట్టించుకోమను. ఇంక నా వల్ల కాదు."

నాగసాయి ఈ విగ్గు వెళ్ళాల్సిన సినిమాకి మేకప్ మేనేజరు, ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో. తిరుమలేశ్ నంబరు కలిపాడు. ఒక్క మాట మింగేస్తే చాలు, తప్పు మాస్టారి వయసు మీదికి పోతుంది. అవతల రింగు వినిపించింది. ఫోను కట్ చేశాడు.

"మీ ముడి మంచిగనే ఉండె మాస్టారూ. నేనే ఖరాబు చేసిన."

అంతా విన్నాక ఆయన అడిగారు. "నా వరస మీదేనా?"

"అవు."

"నన్ను అడగొచ్చుగా?"

"అడగాల్నంటే ముడి కనబడుతున్నదని చెప్పాలె గద. గది చెప్పనీకి నోరు రాలె."

"అంటే నా పని పాతబడిందని నాకు తెలియకుండానే తేల్చేశావు. చెడగొట్టావని కాదురా, అదీ బాధ." విగ్గును ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏం రాశాడో చదువు. మొత్తం."

తిరుమలేశ్ చదివాడు. రచయిత పేరు కింద ఇంకా ఉంది. అచ్చు పత్రికలో బొమ్మల పక్కన విడిగా గడిలో వేసిన జాగ్రత్తలన్నీ ఫోన్లో బొమ్మల్లేకుండా అడుగున చేరాయి. ముద్ద గట్టిగా కలపాలి. ముందు పనికిరాని ముక్క మీద చూసుకోవాలి.

"రాసినాయనకి పని తెలుసు," అన్నారు మాస్టారు. "ఊరికే దొరికిందని నువ్వే సగం తిని లేచావు. కత్తెర ఇలా తే."

పాడైన మేరకు జాలీ కోయించి, తిరుమలేశ్ చేతే కొత్త ముక్క కుట్టించారు. మర్నాటికి ఆయన చూపు తేటపడినా సూది ముట్టుకోలేదు. "చెడగొట్టినోడే కట్టాలి," అన్నారు. తిరుమలేశ్ కడుతుంటే వేలితో తడిమి చూశారు, ఒక వరస రెండుసార్లు విప్పించారు. తర్వాత చిత్తు ముక్క మీద గట్టి ముద్ద పెట్టి చూసి, నచ్చాక, ముందు వరసంతా ఆయనే కుంచె పట్టి అద్దారు.

మధ్యాహ్నం నాగసాయి వచ్చి, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూశాడు. "ముడి ఎక్కడా కనబడట్లేదండీ. పోయినసారి డైరెక్టర్ గారు కొంచెం గొణిగారు. మీకు చెప్పలేకపోయాను."

"అందరూ చెప్పలేనోళ్ళే దొరికారు నాకు," అన్నారు మాస్టారు. తిరుమలేశ్ తల ఇంకా వంగింది. "ఎడమ కణత వీడు కట్టాడు. అక్కడ బాగా చూసి తీసుకో."

నాగసాయి మళ్ళీ చూశాడు, మెల్లగా లాగి చూశాడు. ఒక్క వెంట్రుకా రాలేదు. తిరుమలేశ్ విగ్గును పెట్టెలో దించి, మూతేసి, రెండు చేతులతో అతనికి అందించాడు.