పెళ్ళికి పోయిన గంగాళం

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో పాత వస్తువు అనే మాటే లేదు. ఇంట్లో ఉన్నవన్నీ పాతవే అయినప్పుడు ఒక్కదాన్ని పట్టుకొని ఇది పాతది అని ఎవరంటారు? అత్త చెంబుతో కోడలు నీళ్ళు తాగేది, ఆ కోడలికి కోడలు వస్తే ఆమె కూడా అదే చెంబుతో తాగేది. అటువంటి ఊరికి హైదరాబాద్‌లోని ఒక మ్యూజియం నుంచి ఒక మేడం వచ్చి, "మీ ఇళ్ళల్లో ఉన్న పాత సామాన్లు పది రోజులు ఇవ్వండి, వరసగా పెట్టి అందరికీ చూపిద్దాం" అంటే ఊరంతా నవ్వింది. దినాం చూసేవాటిని పోయి చూసేదేంది అని. నేను మాత్రం నవ్వలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంటర్ పాసై రెండేళ్ళుగా ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మేడంకు సాయంగా చేతిరాత బాగున్న పిల్ల కావాలని తెలిసి, నాకు నేనే పోయి నిలబడ్డాను. (నేను చెప్తుంటే రాస్తున్నవ్ గాని, నీ రాత నా లెక్క లేదు బిడ్డా, జర గుండ్రంగ రాయి.)

మేడం నా అక్షరాలు చూసి, "ఈ పది రోజులు బాగా చేస్తే మా డైరెక్టర్ గారితో చెబుతాను, మ్యూజియంలో ఒక ఉద్యోగం ఖాళీ ఉంది" అంది. ఆ ముక్క ఇంటికి మోసుకొచ్చాను. బాపు మీసం దువ్వుకొని, "వస్తే పంపుత. రాకుంటే మాత్రం హైదరాబాద్ మాట మల్ల ఈ ఇంట్ల ఎత్తొద్దు" అన్నాడు. ఇక నాకు ఆ పది రోజులే లోకమైపోయాయి.

మార్కెట్ దగ్గర అంతకుముందు అల్లం బస్తాలు పెట్టిన హాలు ఒకటి మాకిచ్చారు. ఎంత కడిగినా అల్లం వాసన పోలేదు. మేడం కిటికీలకు పల్చటి కాగితం అతికించి ఎండ నేరుగా పడకుండా చేసింది. వస్తువును అంచు పట్టుకొని కాదు, అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తాలని నేర్పింది. గోడకు తగిలించేది ఎవరి కంటి ఎత్తులో ఉండాలని అడిగితే నేను ఆమె ఎత్తు చూపించాను. "కాదు, నీ ఎత్తు. పొట్టివాళ్ళకు కనిపిస్తే పొడుగువాళ్ళకు ఎలాగూ కనిపిస్తుంది" అంది. (నా పొట్టితనం పనికొచ్చింది నా బతుకులో ఆ ఒక్కసారే.) బొంబాయి రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా గోడల మీదివన్నీ ఒక పక్కకు ఒరిగేవి. నేను పరుగున పోయి సరిచేసేదాన్ని, అంతలో ఇంకో లారీ. అన్నిటికన్నా నాకిష్టమైనది చీటీలు రాయడం. వస్తువు పక్కన నాలుగే వరసల చీటీ ఉండాలి: ఏమిటిది, దేనితో చేశారు, ఎవరింటిది, ఏం చేసేవారు. "నిలబడ్డ మనిషి కాలు మార్చేలోపు చదవడం అయిపోవాలి" అనేది మేడం. ఒక్కో చీటీ ఆరుసార్లు రాసి చింపేదాన్ని. ఇరవై ఏళ్ళు నీళ్ళు తాగిన చెంబును తెల్ల గుడ్డ మీద ఒంటరిగా పెట్టి చూస్తే, అమ్మతోడు, అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సామాన్లు తేవడానికి ఇల్లిల్లూ తిరిగాం. అన్నిటికన్నా ముఖ్యమైన ఇల్లు గంగాళం పెద్దమ్మది. ఇద్దరు మనుషులు కూర్చునేంత రాగి గంగాళం ఆమెకుండేది, అందుకే ఊరు ఆమెకు ఆ పేరు పెట్టింది. మేడం తెల్ల గుడ్డ తొడుగులు వేసుకొని దాన్ని తడుముతుంటే పెద్దమ్మ చూసి, "మా గంగాళం అంత గలీజ్‌గ కొడ్తున్నదా, చేతులకు సంచులు తొడిగినవ్?" అంది. తీసుకునేటప్పుడు వస్తువు ఎట్లా ఉందో రాసుకోవడం మ్యూజియం పద్ధతి కాబట్టి మేడం చెప్పగా నేను 'అంచు దగ్గర ఒక చొట్ట' అని రాశాను. పెద్దమ్మ చదివించుకొని భగ్గుమంది. "చొట్ట అని రాస్తవానే? అది మా అత్త చేతి దెబ్బ. కోపమొచ్చి రోకలితోని కొట్టింది. రాస్తే అట్ల రాయి." అట్లాగే రాశాను. మేడం చదివి అటు తిరిగి నిలబడింది, నవ్వుకు భుజాలు కదిలాయి.

గంగాళాన్ని హాలు నడిమధ్యలో ఎత్తుపీట మీద పెట్టాం. తలుపు దాటగానే మొదట అదే కనిపించాలని మేడం ఏర్పాటు. జనం బాగానే వచ్చారు. చిక్కల్లా ఇచ్చినవాళ్ళతోనే. తన తమలపాకుల పెట్టె, పాన్‌దాన్ ఇచ్చిన ఖాలా, అంటే మాకు పిన్నమ్మ లెక్క, రోజూ మూడింటికి వచ్చి, అడ్డం కట్టిన తాడు దాటి లోపలికి పోయి, మూత తీసి పాన్ కట్టుకునేది. నేను వద్దంటే, "అరే బేటీ, పాన్‌దాన్ చూపించవడ్తివి, పాన్ ఎట్ల కడ్తరో చూపించకుంటే ఏం ఫాయిదా?" అని నాకూ ఒకటి ఇచ్చేది. తినేదాన్ని.

ఎనిమిదో రోజు మేడం డైరెక్టర్ గారిని తీసుకురావడానికి హైదరాబాద్ పోతూ హాలు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఏ వస్తువూ ఈ గడప దాటకూడదు. సారు వచ్చి చూస్తే నీ ఉద్యోగం సంగతి తేలిపోతుంది." ఆమె బస్సు పోయిందో లేదో పెద్దమ్మ దిగింది, వెనక నలుగురు మనుషులు, ఒక తోపుడుబండి.

"పిల్లా, గంగాళం తియ్యి. వెనక గల్లీల పెండ్లి ఉన్నది."

"ఇయ్యరాదు పెద్దమ్మా. ఎగ్జిబిషన్‌ల ఉన్నది."

"నాకు తెల్వదానే? నేనే ఇస్తి గద."

"మేడం గడప దాటొద్దన్నది."

"మీ మేడం వచ్చి నీళ్ళు కాగవెడ్తదా? న్యాల్‌కల్ నుంచి పెండ్లికొడుకోళ్ళు రెండు బస్సులల్ల దిగుతున్రు. తానాలకు దేంట్ల కాగాలె, నీ చీటీలల్లనా?"

"జర ఇంకెవరిదన్న అడుగున్రి, నీ కాల్మొక్త."

"మీ అమ్మ లగ్గానికి గిదే కాగింది. రేపు నీ లగ్గానికి అడగవా? అప్పుడు నేను కూడ ఇయ్యరాదంట."

బండి ఎక్కించారు. నేను అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తండని మాత్రం చెప్పగలిగాను.

ఖాళీ పీట మీద తెల్ల గుడ్డ గుండ్రంగా నలిగి ఉంది. కాసేపు ఏడ్చి, నాకు చేతనైంది చీటీ రాయడమే కాబట్టి చీటీ రాశాను: 'రాగి గంగాళం. పెద్దమ్మ ఇంటిది. వెనక గల్లీ పెళ్ళిలో నీళ్ళు కాస్తున్నది. ఎల్లుండి వస్తుంది.'

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారు రానే వచ్చారు. తలుపు దాటగానే ఖాళీ పీట. మేడం ముఖం తెల్లబోయింది. సారు వంగి చీటీ చదివారు. మళ్ళీ చదివారు. "ఆ గల్లీ ఎంత దూరం?" అన్నారు.

ముగ్గురం పోయాం. మూడు రాళ్ళ మీద గంగాళం, కింద మోదుగ కట్టెలు, ఆవిరిలో పెద్దమ్మ. "వచ్చినవా సారూ? చూడు, గిట్ల చూడాలె గంగాళాన్ని. గుడ్డ మీద ఏమున్నది?" అంది. సారు అరగంట నిలబడి చూశారు, పెళ్ళి భోజనం చేశారు, పెద్దమ్మ చేత అత్త దెబ్బ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. నా గుండెలో అప్పుడే హైదరాబాద్ బస్సు బయలుదేరింది.

జీపు ఎక్కే ముందు మేడం నా సంగతి అడిగింది. సారు నా వైపు ఎంతో ప్రేమగా చూసి, "ఇంత మంచి చీటీ నా సర్వీసులో చదవలేదు" అన్నారు. తర్వాత మేడం వైపు తిరిగి, "కానీ ఈ పిల్ల మ్యూజియానికి పనికిరాదమ్మా. ఎవరడిగినా ఇచ్చేస్తుంది" అన్నారు. మేడం తన తెల్ల తొడుగుల జత నా చేతిలో పెట్టి జీపు ఎక్కింది. బాపు మాట మీద నిలబడ్డాడు. హైదరాబాద్ మాట మళ్ళీ ఎత్తనియ్యలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత పెళ్ళి, పిల్లలు, మనవలు మీరు, అంతా మంచిగానే జరిగింది, కొదవేమీ లేదు. కాని ఏ మ్యూజియానికి పోయినా నేను వస్తువులు చూడను, చీటీలు చూస్తాను. ఎవరు రాశారో, ఎన్నిసార్లు చింపారో అనుకుంటాను. తాళాల గుత్తితో ఒక ఆడమనిషి అటు పోతే, కనబడకుండా పోయేదాకా చూస్తాను. ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఎదురుపడితే చెవి పట్టుకొని "ఎందుకిచ్చినవే?" అని అడగాలని ఉంటుంది. అది తల వంచుకొని "పెద్దమ్మ అడిగింది గద" అంటుంది. దానితో ఏం వాదించను? నవ్వి ఊరుకుంటాను. కాసేపటికి మళ్ళీ అడగాలనిపిస్తుంది.